ప్రయాణికుల జెట్ విమానం: ఇంజినీరింగ్ ఆవిష్కరణ, వాణిజ్య విజయం (హైదరాబాద్, జహీరాబాద్ ప్రాంతాల నేపథ్యంలో ఒక వివరణ)

వ్యాససంగ్రహం: ప్రయాణికుల జెట్ విమానం విపణిలో నిలబడటానికి దానిలోని ఇంజినీరింగ్ కొత్తదనం ఎంతవరకు కారణమవుతుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. వేగం, పరిమాణం, మొట్టమొదటిది అన్న పేరు, ఇవేవీ తమంత తాముగా విమానాన్ని అమ్మలేకపోయాయి. కొత్త పరికరం అప్పటికే ఉన్న రన్‌వేలలో, పైలట్ల శిక్షణలో, కర్మాగారాల పనితీరులో, మరమ్మతు కేంద్రాలలో ఇమిడినప్పుడే లాభం చేకూరింది. విమాన భాగాల తయారీకి కేంద్రంగా ఎదిగిన హైదరాబాద్‌ను, పారిశ్రామిక మండలి కోసం భూములిచ్చిన న్యాల్‌కల్‌ను దృష్టిలో ఉంచుకొని ఈ పరిశీలన సాగుతుంది.

కీలకపదాలు: జెట్ విమానం, ఆవిష్కరణ, సీటు ఖర్చు, బైపాస్ నిష్పత్తి, ఆదిభట్ల, శంషాబాద్, న్యాల్‌కల్.

1. ఉపోద్ఘాతం

సంగారెడ్డి జిల్లా న్యాల్‌కల్ మండలం జహీరాబాద్‌కూ కర్ణాటకలోని బీదర్‌కూ నడుమ ఉంది. బీదర్‌లో భారత వైమానిక దళ శిక్షణ కేంద్రం ఉన్నందువల్ల జెట్ చప్పుడు ఇక్కడి జొన్న, కంది, శనగ చేలకు కొత్త కాదు. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లోని 17 గ్రామాల పరిధిలో సుమారు 12,635 ఎకరాలలో జాతీయ పెట్టుబడుల, ఉత్పాదక మండలి ఏర్పాటుకు 2016లో తుది గుర్తింపు లభించింది. భూసేకరణపై రైతులు, వ్యవసాయ కూలీలు లేవనెత్తిన అభ్యంతరాలు హైకోర్టు దాకా వెళ్ళాయి. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 12 పారిశ్రామిక నగరాల జాబితాలో జహీరాబాద్ కూడా చేరింది. ఈ మండలికి ఉద్దేశించిన రంగాలలో వాహనాలు, రవాణా సామగ్రి ఒకటి. ఝరాసంగం మండలం ఎల్గోయిలో రక్షణ రంగ ఉత్పత్తుల కర్మాగారానికి 2022లో శంకుస్థాపన జరిగింది.

ఇక్కడి నుంచి నూరు కిలోమీటర్లకు పైబడిన దూరంలో, హైదరాబాద్ శివారు ఆదిభట్లలో బోయింగ్ 737 విమానాల నిలువు తోకరెక్కలు తయారవుతున్నాయి. శంషాబాద్ విమానాశ్రయం పక్కన జెట్ ఇంజన్ల భాగాలు, వైర్ల కట్టలు రూపొందుతున్నాయి. విమాన రంగం వస్తే ప్రాంతం బాగుపడుతుందన్న మాట తెలంగాణలో తరచుగా వినిపిస్తుంది. ఆ మాటను తూచాలంటే అంతకు ముందు ప్రశ్న ఒకటి తేలాలి. విమానం ఎందుకు అమ్ముడుపోతుంది? ఎందుకు పోదు?

పరిభాష గురించి ఒక మాట. తెలుగులో ‘ఆవిష్కరణ’ అనే పదం రెండు పనులు చేస్తుంది. కొత్తదాన్ని కనుగొనడమూ ఆవిష్కరణే, పుస్తకానికో విగ్రహానికో కప్పిన తెర తొలగించడమూ ఆవిష్కరణే. విమాన రంగంలో ఈ రెండింటి మధ్య దూరం ఒక్కోసారి సంవత్సరాల పాటు సాగుతుంది. 2007 జూలై 8న బోయింగ్ సంస్థ తన 787 విమానాన్ని అట్టహాసంగా జనం ముందుకు తెచ్చింది. ఆనాడు ఆ విమానం లోపల చాలా వ్యవస్థలు లేవు. శరీర భాగాలను పట్టి ఉంచిన బిగింపుల్లో అనేకం తాత్కాలికమైనవే. అది తొలిసారి గాలిలోకి లేచింది 2009 డిసెంబర్ 15న. తెర తొలగడం రెండో అర్థంలో జరిగింది, మొదటి అర్థంలో ఇంకా జరగవలసి ఉంది. ఈ వ్యాసంలో ‘ఆవిష్కరణ’ పదాన్ని మొదటి అర్థంలోనే వాడడం జరిగింది.

2. సీటు లెక్క

విమానం కొనేది ప్రయాణికుడు కాదు, విమానయాన సంస్థ. కిటికీ పెద్దదా, కుర్చీ మెత్తనిదా అన్నవి ప్రయాణికుడి ప్రశ్నలు. ఒక సీటును ఒక ఊరి నుంచి ఇంకొక ఊరికి చేర్చడానికి ఎంతవుతుంది, ఆ సీటు ఏడాదిలో ఎన్ని రోజులు నిండుతుంది, ఎన్ని రోజులు విమానం షెడ్డులో పడి ఉంటుంది అన్నవి సంస్థ ప్రశ్నలు. భారతీయ విమానయాన సంస్థల ఖర్చుల్లో ఇంధనమే అతిపెద్ద పద్దు. కాబట్టి ఇంజినీరు చేసే ప్రతి మార్పూ చివరికి ఈ లెక్కలోకే వచ్చి చేరుతుంది.

ఒక ఊహా లెక్కతో దీన్ని చూడవచ్చు. 180 సీట్ల విమానం ఒక ప్రయాణానికి 9 లక్షల రూపాయలు ఖర్చు చేస్తుందనుకుంటే సీటుకు 5,000 రూపాయలు. 500 సీట్ల విమానం అదే దారిలో 22 లక్షల 50 వేలు ఖర్చు చేస్తే సీటుకు 4,500. పెద్దదే చవక. అయితే చిన్న విమానంలో 150 మంది, పెద్దదానిలో 350 మంది మాత్రమే ఎక్కారనుకుందాం. అప్పుడు తలకు పడే ఖర్చు చిన్నదానిలో 6,000, పెద్దదానిలో 6,428. చవక అనుకున్నది ఖరీదైంది. సీటు ఖర్చు తగ్గించడం ఇంజినీరింగ్ విజయం కావచ్చు. సీటు నిండకపోతే అది వాణిజ్య విజయంగా మారదు.

న్యాల్‌కల్‌కు అతి దగ్గరి విమానాశ్రయం బీదర్‌లో ఈ లెక్క కళ్ళకు కడుతుంది. అక్కడి నుంచి 2020 ఫిబ్రవరిలో బెంగళూరుకు పౌర విమాన సేవ మొదలైనప్పుడు ట్రూజెట్ సంస్థ నడిపింది పంకాలున్న ఏటీఆర్ విమానాన్ని. సంస్థ పేరులో జెట్ ఉన్నా విమానం మాత్రం జెట్ కాదు. దూరం తక్కువైన దారిలో జెట్ ఆదా చేసే నిమిషాలు కొద్ది, అది తాగే ఇంధనం ఎక్కువ. ఆ సంస్థ కార్యకలాపాలు 2022లో నిలిచిపోయాయి. తరువాత చిన్న జెట్‌లు నడిపే స్టార్ ఎయిర్ వచ్చింది. ఆ సేవ కూడా మధ్యలో ఆగి 2025 ఏప్రిల్‌లో తిరిగి ప్రారంభమైంది. ఇలాంటి రాకపోకలకు కారణాలు పలు రకాలు. ఊరికి సరిపోయే పరిమాణంలో సీట్లు ఉండటం వాటిలో ముఖ్యమైనది.

ఈ లెక్క తప్పినవాళ్ళలో చిన్నాచితకా సంస్థలు మాత్రమే లేవు. ఎయిర్‌బస్ ఎ380 ఇంజినీరింగ్ పరంగా మహా నిర్మాణం. రెండు నిండు అంతస్తులు, నాలుగు ఇంజన్లు. 2007 అక్టోబర్‌లో సింగపూర్ ఎయిర్‌లైన్స్‌తో సేవలోకి వచ్చిన ఈ విమానం తయారీని ఆపుతున్నట్లు 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు. మొత్తం అమ్ముడైనవి 251. భవిష్యత్తులో ఇంకా పొడవైన రూపం చేయవచ్చునన్న ఆలోచనతో రెక్కను అవసరానికి మించి పెద్దదిగా రూపొందించారు. ఆ పొడవు విమానం రానేలేదు. ఉన్న విమానం మాత్రం ఆ అదనపు బరువును చివరిదాకా మోసింది.

వేగం విషయంలోనూ కథ ఇదే. ధ్వనిని మించిన వేగంతో పోయే కాంకర్డ్ 1976 నుంచి 2003 వరకు ప్రయాణికులను మోసింది. సుమారు నూరు మందిని తీసుకుపోవడానికి అది తాగిన ఇంధనం ఏ సాధారణ టికెట్ ధరకూ లొంగేది కాదు. దాన్ని నడిపినవి రెండే సంస్థలు, సేవలో తిరిగినవి 14 విమానాలు.

మొట్టమొదటిది అన్న ఘనత సైతం అక్కరకు రాలేదు. బ్రిటన్‌కు చెందిన డి హావిలాండ్ కామెట్ 1952 మే 2న లండన్ నుంచి జొహన్నెస్‌బర్గ్‌కు ప్రయాణికులతో బయలుదేరి జెట్ యుగానికి నాంది పలికింది. సరిగ్గా ఏడాదికి, 1953 మే 2న, కలకత్తా నుంచి లేచిన కామెట్ ఒకటి తుఫానులో చిక్కి కూలిపోయింది. 1954లో మరి రెండు మధ్యధరా సముద్రంపై గాలిలోనే విచ్ఛిన్నమయ్యాయి. విమాన శరీరాన్ని నీటి తొట్టిలో ఉంచి, ప్రయాణంలో పడే ఒత్తిడిని పదేపదే కలిగించి చూడగా, లోహం అలసి రంధ్రాల మూలల దగ్గర చీలుతున్నట్లు తేలింది. ఆ పాఠానికి మూల్యం చెల్లించింది కామెట్. ప్రతిఫలం అందుకున్నది 1958లో సేవలోకి వచ్చిన బోయింగ్ 707.

3. గాలిని మెల్లగా నెట్టడం

జెట్ విమానాన్ని లాభసాటి చేసిన మార్పుల్లో అతి ముఖ్యమైనది ఇంజన్ ముందు కనిపించే పెద్ద ఫ్యాన్. దాని వెనుక ఉన్న సూత్రం చాలా సరళం. గాలిని వెనక్కు నెడితే విమానం ముందుకు పోతుంది. ఆ తోపుడు బలం, నెట్టిన గాలి రాశి, దానికిచ్చిన వేగం, ఈ రెండింటి గుణకారంపై ఆధారపడుతుంది. ఖర్చయ్యే శక్తి మాత్రం వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది. అంటే రెట్టింపు గాలిని సగం వేగంతో నెడితే తోపుడు అంతే ఉంటుంది, పట్టే శక్తి సగమవుతుంది. కొద్ది గాలిని ఉరికించడం కన్నా ఎక్కువ గాలిని నెమ్మదిగా కదిలించడమే పొదుపు.

ఫ్యాన్ పీల్చిన గాలిలో కొంత మాత్రమే ఇంజన్ గర్భంలోకి పోయి ఇంధనంతో మండుతుంది. మిగిలినది దాని చుట్టూ పక్కదారిన వెనక్కు పోతుంది. పక్కదారి గాలికీ లోపలి గాలికీ ఉన్న నిష్పత్తినే బైపాస్ నిష్పత్తి అంటారు. 1970లో సేవలోకి వచ్చిన బోయింగ్ 747 ఇంజన్లలో ఇది సుమారు 5. ఎయిర్‌బస్ ఎ320నియోకు అమర్చే లీప్ ఇంజన్‌లో 11, ప్రాట్ అండ్ విట్నీ గేర్ ఇంజన్‌లో 12. యాభై ఏళ్ళ విమాన చరిత్రలో ఇంధన పొదుపు కథ చాలావరకు ఈ అంకెల నడుమ ఉంది. పాత ఎ320తో పోలిస్తే నియో సుమారు 15 శాతం ఇంధనం ఆదా చేస్తుందన్న హామీతో 2010 డిసెంబర్‌లో విపణిలోకి వచ్చింది. విమాన శరీరం దాదాపు పాతదే. పైలట్‌కు గది పాతదే, గేటు దగ్గర నిచ్చెన పాతదే. కొత్తది ప్రధానంగా ఇంజనే. ఇండిగో 2011లో ఒకేసారి 150 నియోలకు, 2023 జూన్‌లో ఎ320 కుటుంబానికి చెందిన 500 విమానాలకు ఆర్డరు ఇవ్వడానికి ఈ కొత్త, పాతల పాళ్ళే ప్రధాన కారణమని చెప్పవచ్చు. ఒకే రకం విమానం ఉంటే ఒకే రకం శిక్షణ, ఒకే రకం విడిభాగాలు సరిపోతాయి.

ఇంజన్ల నమ్మకం పెరగడం వల్ల వచ్చిన మరో మార్పును ఇక్కడే చెప్పుకోవాలి. సముద్రాల మీద పోయే విమానానికి మూడో నాలుగో ఇంజన్లు ఉండాలన్నది పాత పట్టుదల. 1985లో రెండింజన్ల విమానాలు అత్యవసర విమానాశ్రయానికి 120 నిమిషాల దూరం వరకు పోవచ్చునన్న అనుమతి వచ్చింది. ఆ తరువాత ఆ హద్దు ఇంకా పెరిగింది. చూడటానికి అది కాగితం మీది నిబంధన. నాలుగు ఇంజన్ల విమానాల కాళ్ళ కింది నేలను మెల్లగా కదిలించినది అదే. రెండు ఇంజన్లతో అయ్యే పనికి నాలుగింటిని కొని, నాలుగింటికీ మరమ్మతు చేయించే సంస్థ ఎక్కడుంటుంది?

4. నేలకూ రెక్కకూ నడుమ జాగా

పెద్ద ఫ్యాన్ మంచిదే, దాన్ని పెట్టడానికి చోటుండాలి. బోయింగ్ 737 పుట్టింది 1960లలో. చిన్న ఊళ్ళలో నిచ్చెనలు, ఎత్తే యంత్రాలు లేని విమానాశ్రయాల్లో మనుషులే సామాను ఎక్కించేందుకు వీలుగా దాన్ని నేలకు దగ్గరగా కట్టారు. ఆనాటి ఇంజన్లు సన్నని గొట్టాల వంటివి కాబట్టి ఇబ్బంది లేకపోయింది. 1980లలో ఫ్యాన్ పెద్దదైతే ఇంజన్ తొడుగు అడుగు భాగాన్ని చదును చేసి సర్దుకున్నారు. దగ్గరగా నిలబడి చూస్తే ఆ తొడుగు గుండ్రంగా ఉండదు, అడుగున నొక్కినట్లు ఉంటుంది.

ఎ320నియోకు ఆర్డర్లు వెల్లువెత్తాక, 2011 జూలైలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ సైతం 260 ఎయిర్‌బస్‌లను ఎంచుకోవడంతో బోయింగ్‌కు తీరిక లేకపోయింది. పూర్తిగా కొత్త విమానం చేసేందుకు దశాబ్దం పడుతుంది. పాత 737కే లీప్ ఇంజన్లు పెట్టి మాక్స్ అని పేరు పెట్టారు. నేల దగ్గర కాబట్టి ఎ320కి పెట్టినంత ఫ్యాన్ దీనికి పట్టలేదు. అక్కడ సుమారు 198 సెంటీమీటర్ల వ్యాసముంటే ఇక్కడ 176. ఆ మాత్రం ఫ్యాన్ కోసమే ఇంజన్‌ను రెక్కకు ముందుకు, పైకి జరపవలసి వచ్చింది. దాంతో కొన్ని పరిస్థితుల్లో విమానం ముక్కు పైకి లేచే స్వభావం పెరిగింది. పాత 737 పైలట్లకు పెద్దగా కొత్త శిక్షణ అవసరం లేకుండా విమానం పాతదానిలాగే ప్రవర్తించాలని, ముక్కును దానంతట అదే కిందికి దించే ఒక సాఫ్ట్‌వేర్ చేర్చారు. అది ఒకే ఒక సెన్సారు చెప్పే మాటను నమ్మేది. 2018 అక్టోబర్ 29న ఇండొనేషియాలో 189 మంది, 2019 మార్చి 10న ఇథియోపియాలో 157 మంది ప్రాణాలు పోయాయి. ప్రపంచమంతటా మాక్స్ విమానాలు నేలకు దిగాయి. అమెరికాలో 2020 నవంబర్‌లో, భారతదేశంలో 2021 ఆగస్టులో గాని వాటికి తిరిగి అనుమతి రాలేదు.

ఇది ఆవిష్కరణ వైఫల్యం అనడం కన్నా, ఆవిష్కరణను పాత చట్రంలో ఇమిడ్చే తొందరలో జరిగిన వైఫల్యం అనడం సమంజసం. ఇమడటం అంటే ఇరికించడం కాదు. పాతదానిలో ఇమిడిందన్న భ్రమ కల్పించడానికి మరో కొత్త పరికరాన్ని తెచ్చి, దాని సంగతి పైలట్లకు సరిగా చెప్పకపోవడం ఈ విషాదంలో అతి బాధాకరమైన అంశం.

దీనికి భిన్నమైన ఉదాహరణ మన దేశ చరిత్రలోనే ఉంది. ఇండియన్ ఎయిర్‌లైన్స్ 1989 నుంచి తెప్పించుకున్న తొలి ఎ320లకు ప్రధాన చక్రాల కాళ్ళు ప్రత్యేకమైనవి. మామూలుగా ఒక్కో కాలికి రెండు చక్రాలుండగా, వీటికి నాలుగేసి. మన రన్‌వేలలో కొన్నిటికి అంత బరువును రెండు చక్రాల మీద మోసే పటుత్వం లేదన్నది కారణం. బరువు కొంత పెరిగింది, ఆ మేరకు ఇంధనమూ. అయినా దిగలేని విమానం కన్నా కాస్త బరువైన విమానమే నయం. ప్రపంచంలో మరెవరూ కోరని ఈ చిన్న మార్పు ఇంజినీరింగ్ గ్రంథాల్లో పెద్దగా కనిపించదు. నేలను చూసి విమానాన్ని కొలిచిన పద్ధతిగా దీనికి ఎక్కువ గుర్తింపు దక్కవలసింది.

5. తయారీయే ఆవిష్కరణ అయినప్పుడు

787 సంగతి పైన కొంత వచ్చింది. బరువులో సగానికి సగం కార్బన్ పోగుల మిశ్రమ పదార్థంతో కట్టిన ఆ విమానం ఇంధన పొదుపులోను, ప్రయాణ సౌఖ్యంలోను ముందంజ. అయితే బోయింగ్ ఏకకాలంలో రెండు ప్రయోగాలు చేసింది. పదార్థాన్ని మార్చింది, తయారీ పద్ధతినీ మార్చింది. జపాన్‌లో రెక్కలు, ఇటలీలో, దక్షిణ కరొలైనాలో శరీర భాగాలు తయారై వస్తే చివరికి కలిపి బిగిస్తామన్నారు. బిగింపుల కొరత వచ్చింది. వచ్చిన భాగాలు అసంపూర్తిగా ఉన్నాయి. 2008లో అందవలసిన తొలి విమానం 2011 సెప్టెంబర్‌లో అందింది. 2013 జనవరిలో లిథియం బ్యాటరీలు కాలడంతో ప్రపంచమంతటి 787లు, ఎయిర్ ఇండియావి కూడా, కొన్ని నెలలు నిలిచిపోయాయి. తరువాత ఈ విమానం వెయ్యికి పైగా అమ్ముడై తన విలువ నిరూపించుకుంది. అయినా ఒక దశలో వాయిదా వేసిన తయారీ ఖర్చు 2,500 కోట్ల డాలర్లు దాటింది. అమ్మకంలో గెలుపు, ఆదాయంలో గెలుపు ఒకటి కాదనడానికి ఇది సాక్ష్యం.

ఎ380ని ఆలస్యం చేసినవి రెక్కలూ కావు, ఇంజన్లూ కావు. వైర్లు. హాంబర్గ్‌లోని ఇంజినీర్లు, తులూజ్‌లోని ఇంజినీర్లు ఒకే డిజైన్ సాఫ్ట్‌వేర్‌కు చెందిన వేర్వేరు రూపాలు వాడారు. ఒకచోట గీసిన వైర్ల కట్టలు మరోచోట విమానంలో పొడవు చాలక అమరలేదు. 2006లో ఈ సంగతి బయటపడి పంపిణీలు నెలల తరబడి వెనక్కి పోయాయి. వైర్ల కట్ట ఎంత చిన్న విషయంగా కనిపిస్తుందో, అది తప్పితే ఎంత పెద్ద విమానమైనా కదలదు. 2022 జూలైలో సాఫ్రాన్ సంస్థ శంషాబాద్ దగ్గర ప్రారంభించిన రెండు కర్మాగారాల్లో ఒకటి వైర్ల కట్టలది, రెండోది లీప్ ఇంజన్ల తిరుగుడు భాగాలది. ఇలాంటి పనిని కూలి చవక అన్న ఒక్క కారణానికి కుదించి చూడటం తగదు. మిల్లీమీటరు తప్పని కొలత, ప్రతి ముక్కకూ పుట్టుపూర్వోత్తరాల నమోదు, ఇవి ఆ పనిలో భాగం.

6. ఇంజన్ ఇంటికి తిరిగి రావడం

ఫ్యాన్ పెద్దదయ్యేకొద్దీ నెమ్మదిగా తిరగాలని కోరుకుంటుంది. దాన్ని తిప్పే టర్బైన్ వేగంగా తిరిగితేనే సమర్థంగా పనిచేస్తుంది. రెండూ ఒకే కడ్డీ మీద ఉంటే ఏదో ఒకటి రాజీ పడాలి. ప్రాట్ అండ్ విట్నీ ఇంజినీర్లు నడుమ గేర్ బాక్సు పెట్టి, టర్బైన్ సుమారు మూడు చుట్లు తిరిగితే ఫ్యాన్ ఒక చుట్టు తిరిగేట్లు చేశారు. ఎడ్లబండికి కట్టిన జోడులో ఒకటి ఉరకలేసేది, ఒకటి నింపాదిది అయితే కాడి ఎలా ఉంటుందో తెలిసినవారికి ఈ చిక్కు వెంటనే బోధపడుతుంది. గేర్ ఆలోచన నిజంగా గొప్పది, గేర్ కూడా బాగానే నిలిచింది. దెబ్బ వేరేచోట తగిలింది. ఇతర భాగాలు అనుకున్నదాని కన్నా ముందే అరిగాయి. 2023 జూలైలో, లోహపు పొడితో చేసిన కొన్ని డిస్కుల్లో కల్మషం చేరిందని, వందలాది ఇంజన్లను దింపి పరీక్షించాలని సంస్థ ప్రకటించింది.

దీని ఫలితం భారతదేశంలో ఎక్కువగా కనిపించింది. ఆ ప్రకటనకు ముందే, 2023 మే నెలలో, గో ఫస్ట్ సంస్థ తన విమానాల్లో సగం వరకు ఇంజన్లు లేక నిలిచిపోయాయని చెబుతూ దివాలా పిటిషన్ వేసింది. ఇండిగో విమానాలు కూడా పదుల సంఖ్యలో నేల మీద ఉండిపోయాయి. అంతకు ముందే, 2019 జూన్‌లో, ఇండిగో తన తరువాతి 280 విమానాలకు లీప్ ఇంజన్లను ఎంచుకుంది. పొదుపులో రెండు ఇంజన్ల మధ్య తేడా స్వల్పం. షెడ్డులో నిలిచిన రోజుల తేడా స్వల్పం కాదు.

లీప్‌కూ చిక్కులు లేకపోలేదు. వేడి ప్రాంతాల్లో గాలి పలుచన. మే నెల ఎండలో నిండు బరువుతో లేచేటప్పుడు టర్బైన్ తన ఉష్ణ పరిమితికి దగ్గరగా పనిచేస్తుంది. దానికి తోడు ధూళి. సన్నని ధూళి బ్లేడ్లను చల్లబరిచే సూది రంధ్రాల్లో చేరి వాటిని మూసివేస్తుంది. ఇంజన్ తయారీదారులు ధూళి కలిపిన గాలితో పరీక్షలు జరిపి బ్లేడ్లను తిరిగి రూపొందించారు. ఎ320నియో ఇంజన్‌కు ఆ కొత్త భాగాల ధ్రువీకరణ 2024 డిసెంబర్‌లో లభించింది. చల్లని దేశాల్లో గీసిన ఇంజన్‌కు ఎండ దేశాలు చెప్పిన సవరణ ఇది.

ఈ నేపథ్యంలో 2025 నవంబర్ 26న శంషాబాద్‌లో ప్రారంభమైన సాఫ్రాన్ లీప్ ఇంజన్ల మరమ్మతు కేంద్రం ప్రాధాన్యం అర్థమవుతుంది. పూర్తిస్థాయికి చేరినప్పుడు ఏడాదికి 300 ఇంజన్లను విప్పి, సరిచేసి, తిరిగి కూర్చగలదని సంస్థ చెబుతోంది. వెయ్యి మందికి పైగా ఉద్యోగాలు అంచనా. ఇంజన్ మరమ్మతు దగ్గరలో జరిగితే విమానం త్వరగా గాలిలోకి లేస్తుంది. ఆ మేరకు ఆ ఇంజన్ పెట్టుకున్న విమానం కొనడానికి మరొక కారణం ఏర్పడుతుంది. డిజైన్ బల్ల మీద గీసిన గీత వాణిజ్య విజయంగా మారే ఘట్టాల్లో ఒకటి ఇకపై శంషాబాద్‌లో జరుగుతుంది.

7. ఆదిభట్ల నుంచి న్యాల్‌కల్ వైపు

ఆదిభట్లలోని టాటా బోయింగ్ సంస్థ 2018లో అపాచీ హెలికాప్టర్ల శరీరాలతో పని ప్రారంభించింది. 737 తోకరెక్కల తయారీని 2021లో ప్రకటించి, 2023లో మొదటిదాన్ని పంపింది. అదే ఏడాది ఎ320 కుటుంబ విమానాల సరుకు గది తలుపుల తయారీ టాటా అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్‌కు దక్కింది. పోటీదారులైన రెండు విమానాల భాగాలూ ఒకే నగరంలో తయారవుతున్నాయన్నమాట. ఎవరు గెలిచినా హైదరాబాద్‌కు పని ఉంటుందనుకోవచ్చు. అయితే ఒక విమానానికి నిలువు తోకరెక్క ఒక్కటే. విమానాలు ఎన్ని తయారైతే రెక్కలు అన్నే కావాలి. 2024 జనవరి 5న అమెరికాలో ఒక మాక్స్ విమానం గాలిలో ఉండగా తలుపు స్థానంలో బిగించిన పలక ఊడిపోయింది. అక్కడి నియంత్రణ సంస్థ నెలకు 38 విమానాలకు మించి తయారు చేయరాదని ఆంక్ష విధించింది. ఆ పరిమితి 42కు పెరిగింది 2025 అక్టోబర్‌లో. ఎక్కడో నాలుగు బోల్టులు బిగించకపోవడం నెలకు ఎన్ని తోకరెక్కలు అవసరమో నిర్ణయించింది. ఆ బోల్టులపై గాని, 1960లలో నిర్ణయమైన చక్రాల ఎత్తుపై గాని ఆదిభట్ల కార్మికుడికి ఏ అధికారమూ లేదు.

మరమ్మతు పని స్వభావం వేరు. తోకరెక్క ఒకసారి అమ్ముడుపోతుంది. ఇంజన్ మాత్రం సేవలో ఉన్న ఇరవై, ఇరవై ఐదేళ్ళలో పలుమార్లు మరమ్మతుకు వస్తుంది. కొత్త విమానాల తయారీ మందగించినా పాతవి తిరుగుతూనే ఉంటాయి. ఇలాంటి కేంద్రం విమానాశ్రయం పక్కనే ఉండటం మేలు కాబట్టి అది శంషాబాద్‌కు వచ్చింది, న్యాల్‌కల్‌కు వచ్చే అవకాశం తక్కువ. న్యాల్‌కల్‌కు అందగలిగినవి 65వ నంబరు జాతీయ రహదారి మీదుగా లారీలో పోగల చిన్న భాగాలు, వాటికి కావలసిన పనిముట్లు, పోతలు, ఉష్ణ ప్రక్రియలు. వీటికి భూమి, కరెంటు, నీళ్ళు ఉంటే చాలదు. విమాన భాగం తయారీలో ఒక్కో ముక్కకూ, ఒక్కో యంత్రానికీ, ఒక్కో ప్రక్రియకూ వేర్వేరుగా ఆమోదం రావాలి. తయారీ స్థలం మారితే తొలి ముక్కను మళ్ళీ మొదటి నుంచి పరీక్షించాలి. అందువల్ల ఈ పరిశ్రమ ఒక చోటికి ఆలస్యంగా వస్తుంది. వచ్చాక అంత సులువుగా వదిలిపోదు.

మండలికి భూములిచ్చిన కుటుంబాలకు ఈ రెండు లక్షణాల్లో మొదటిదే ఇప్పటికి అనుభవంలో ఉంది. 2016లో తుది గుర్తింపు వచ్చిన ఏడాది ఒకటో తరగతిలో చేరిన న్యాల్‌కల్ పిల్లవాడు 2026 వేసవికి పదో తరగతి పూర్తి చేస్తాడు. ఐటీఐలో చేరితే ఫిట్టరో, మెషినిస్టో కావడానికి రెండేళ్ళు. ఆపైన విమాన భాగాలు ముట్టుకోవడానికి తగిన శిక్షణకు మరికొంత కాలం. అప్పటికి ఆ పని తన ఊళ్ళో ఉంటుందా, శంషాబాద్‌లో గది అద్దెకు తీసుకొని చేయవలసి ఉంటుందా అన్నది, రాబోయే రెండు మూడేళ్ళలో ఈ మండలిలోకి ఏ రకం కర్మాగారాలను ఆహ్వానిస్తారన్న దానిమీద ఆధారపడి ఉంది.